నీతి చెప్పమనలేదు, ఎందుకు రాశారో చెప్పమన్నాం

ప్రశ్న: నమస్కారమండీ. కనిగిరి దగ్గర ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీగా (సెకండరీ గ్రేడ్ టీచరుగా) చేస్తున్నాను. మూడు, నాలుగు, ఐదు తరగతులు నా దగ్గరే ఉన్నాయి. చదివిన పేరాలో రచయిత ఉద్దేశం ఏమిటో పిల్లలు కనిపెట్టగలగాలని ఇంటర్నెట్‌లో చూసి పి-ఐ-ఇ చార్టు తయారుచేసి గోడకు పెట్టాను. పర్‌స్వేడ్ (ఒప్పించడం), ఇన్‌ఫామ్ (తెలియజేయడం), ఎంటర్‌టైన్ (అలరించడం) అని ముగ్గురు పిల్లల్ని లేపితే ముగ్గురూ గడగడా అప్పజెబుతారు. కానీ ఏ పాఠం చదివించినా ‘టీచర్, దీని నీతి ఏంటంటే...’ అని మొదలుపెడతారు. లేదంటే కథయితే ఎంటర్‌టైన్, అంకెలుంటే ఇన్‌ఫామ్ అని చూడకుండానే చెప్పేస్తారు. తరగతిలో కొందరు ఇంకా కూడబలుక్కుని చదివేవాళ్లే. వాళ్లకు ఇదెలా నేర్పాలి? తెలుగులో చెప్పాలా, ఇంగ్లీషులోనా? మార్కులెలా వెయ్యాలి? అసలు ఈ వయసుకు ఇది అవసరమా అని మా హెడ్మాస్టరు గారి సందేహం.
– ఒక ఉపాధ్యాయిని, కనిగిరి

జవాబు:

అమ్మా,

మీ పిల్లలు ‘దీని నీతి ఏంటంటే’ అంటున్నారంటే అది వాళ్ల తప్పు కాదు, మన బళ్ల అలవాటు. ఒకటో తరగతిలో కుందేలు, తాబేలు కథ చెప్పిన రోజు నుంచి ప్రతి కథ చివరా ‘ఇందులో నీతి ఏమిటర్రా?’ అని అడుగుతూనే వచ్చాం. పాఠం అయిపోగానే అడిగేది అదొక్కటే అని వాళ్లకు ఒంటబట్టింది. ఇప్పుడు మీరు ‘రచయిత ఉద్దేశం ఏమిటి’ అంటే, పాత ప్రశ్ననే టీచరు కొత్త మాటల్లో అడుగుతోంది కాబోలు అనుకుంటున్నారు. అందుకే కొన్నాళ్లపాటు ‘ఉద్దేశం’ అనే మాటే వాడకండి. ‘ఇది ఎవరు రాశారు? ఎవరి కోసం రాశారు? చదివాక మనం ఏం చెయ్యాలని వాళ్ల ఆశ?’ అని అడగండి. ఈ మూడు ప్రశ్నలకు నీతితో జవాబు చెప్పడం కుదరదు.

ఇంకో తికమక కూడా మీకు ఎదురయ్యే ఉంటుంది. దాహంతో ఉన్న కాకి కుండలో రాళ్లు వేసిన కథ చదివించి రచయిత ఉద్దేశం అడగండి. నలుగురిలో ఇద్దరు ‘నీళ్లు తాగడం’ అంటారు. అది కాకి ఉద్దేశం. కథలో ఉన్నవాళ్ల కోరిక వేరు, కథ రాసినవాళ్ల కోరిక వేరు అని పెద్దవాళ్లకు చెప్పక్కర్లేదు కానీ, ఎనిమిదేళ్ల పిల్లకు కథలో కాకి కనిపిస్తుంది, రాసినవాళ్లు కనిపించరు. అందుకని రాసిన మనిషిని కళ్లకు కట్టించాలి. పుస్తకం పక్కన ఒక ఖాళీ కుర్చీ వేసి, ‘ఇది రాసినాయన ఇక్కడ కూర్చున్నాడు, ఎందుకు రాశావయ్యా అని అడుగు’ అనండి. ఒకళ్లు అడగాలి, ఇంకొకళ్లు కుర్చీలో కూర్చుని రాసినవాళ్లలా జవాబు చెప్పాలి. ఆటలా ఉంటుంది, పనీ జరుగుతుంది.

ఇక అసలు విషయానికి వద్దాం. మూడు పేర్లు నేర్పి, పేరాలను ఆ మూడు డబ్బాల్లో వెయ్యమంటే పిల్లలు పేరా చదవరు, డబ్బా వెతుక్కుంటారు. మీ దగ్గర జరుగుతున్నది అదే. దీనికి విరుగుడు ఒకే విషయం మీద మూడు రకాల రాతలు పక్కపక్కన పెట్టడం. విషయం పిల్లలకు బాగా తెలిసిందై ఉండాలి. మీ కనిగిరి పిల్లలకు నీళ్ల సంగతి కంటే బాగా తెలిసింది ఏముంటుంది? గారపళ్ల గురించీ వాటర్ టిన్నుల గురించీ మనం వాళ్లకు చెప్పేదేమీ లేదు. మీ తరగతి కోసం మూడు ముక్కలు రాశాను. బోర్డు మీద రాయండి, లేదా కాగితాల మీద రాసి జట్టుకొకటి ఇవ్వండి.

మొదటిది: ‘మన ప్రాంతంలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగే నీళ్లలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటిన నీళ్లు చిన్నప్పటి నుంచి తాగితే పళ్ల మీద గార మచ్చలు వస్తాయి. చాలా ఏళ్లు తాగితే ఎముకలు, కీళ్లు దెబ్బతింటాయి. నీళ్లు మరగబెట్టినా ఫ్లోరైడ్ పోదు.’

రెండోది: ‘మన ప్రాంతంలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. మీ పిల్లల పళ్లు పాడవుతున్నాయా? మీకు మోకాళ్లు పట్టేస్తున్నాయా? ఇంకా ఆలోచిస్తారేం! ఈరోజే మా ప్లాంటు నీళ్లు తెప్పించుకోండి. మొదటి టిన్ను ఉచితం!’

మూడోది: ‘మా తాత టిన్ను నీళ్లు తాగడు. “బోరు నీళ్లలో రుచుందిరా, ఆ టిన్నులో ఏముంది, వట్టి నీళ్లు!” అంటాడు. ఒకరోజు అవ్వ టిన్ను నీళ్లే చెంబులో పోసి, బోరు నీళ్లని చెప్పి ఇచ్చింది. తాత గటగటా తాగి మీసం తుడుచుకుని, “చూశావా, రుచంటే ఇదీ!” అన్నాడు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.’

మొదటి రెండు ముక్కల్లో మొదటి వాక్యం అక్షరం మారకుండా ఒకటే. అలా కావాలనే రాశాను. చదివించాక ఆ వాక్యం కింద గీత గీసి అడగండి: ‘రెండు చోట్లా ఇదే ఉంది కదా, మరి తేడా ఎక్కడొచ్చింది?’ కాసేపు ఊరుకోండి. ఎవరో ఒకరు ‘రెండో ఆయన టిన్ను కొనమంటున్నాడు టీచర్’ అంటారు. ‘ఎక్కడన్నాడు? వేలు పెట్టి చూపించు.’ ‘తెప్పించుకోండి అన్నాడు.’ ‘మరి ఆయన చెప్పింది అబద్ధమా?’ ఇక్కడ తరగతి రెండుగా చీలిపోతుంది. అమ్ముకునేవాడు కాబట్టి అబద్ధమే చెబుతాడని సగం మంది అంటారు. ఫ్లోరైడ్ ఎక్కువన్న మాట నిజమేనని, మొదటి ముక్కలోనూ అదే ఉందని ఎవరో ఒకరు పట్టుకుంటారు. పట్టుకోకపోతే మీరు చూపించండి. నిజం చెబుతూనే మన చేత ఏదో చేయించాలని చూడొచ్చు. పిల్లలకు అంతుబట్టాల్సింది ఇదే. ఒక వాక్యం నిజమా అబద్ధమా అన్నది ఒక ప్రశ్న. దాన్ని అక్కడ ఎందుకు పెట్టారన్నది వేరే ప్రశ్న. ఈ రెండో ప్రశ్న అడగడం ఐదో తరగతి లోపు అలవాటైతే, తర్వాత మనం నేర్పేది పెద్దగా ఉండదు.

మూడో ముక్క దగ్గర ‘టిన్ను నీళ్లే తాగాలి, అదీ దీని నీతి’ అనేవాళ్లు తప్పకుండా ఉంటారు. కాదని కొట్టిపారెయ్యకండి. ‘సరే, మరి అవ్వ కొంగెందుకు అడ్డం పెట్టుకుంది?’ అని మాత్రం అడగండి. నవ్వు ఆపుకోవడానికి అని వాళ్లే చెబుతారు. ‘రాసినవాళ్లు ఆ వాక్యంతో ఎందుకు ఆపారు? మనకు నీళ్ల గురించి పాఠం చెప్పడానికా?’ అంటే సగం పని అయిపోయినట్టే.

వేలు పెట్టి చూపించడం అన్నాను కదా, దాన్ని తరగతిలో చట్టం చెయ్యండి. జవాబు ఏదైనా ఫర్వాలేదు, ఏ మాట చూసి అలా అనుకున్నారో చూపించాలి. చూపించలేని జవాబు సరైనదే అయినా లెక్కలోకి రాదు. చూపించగలిగితే, మీరనుకున్నది కాకపోయినా విని తీరాలి. రాసినవాళ్ల మనసులో ఏముందో మనలో ఎవరికీ చేతికి దొరకదు, కాగితం మీద వాళ్లు వదిలిన మాటలే మనకు ఆధారం.

ఆ మాటలు పట్టుకోవడానికి తెలుగులో ఒక వెసులుబాటు ఉంది. క్రియ చివర చూస్తే చాలాసార్లు గుట్టు తెలిసిపోతుంది. కొనండి, నాటుదాం, మానెయ్యాలి, ఆలస్యమెందుకు, త్వరపడండి లాంటి మాటలుంటే మన చేత ఏదో చేయించాలనుకుంటున్నారన్నమాట. ఉంటుంది, అంటారు, పుట్టారు, జరిగింది అని సాగుతూ, మధ్యలో ఊళ్ల పేర్లు, సంవత్సరాలు, కొలతలు వస్తుంటే తెలియజేస్తున్నారు. మనుషులు మాట్లాడుకుంటూ, ధబ్బున పడుతూ, పకపకా నవ్వుతూ ఉంటే మనల్ని కాసేపు కూర్చోబెట్టి కథ చెబుతున్నారు. మన శతక పద్యాలైతే ఇంకా సులువు. ‘గ్రక్కున విడువంగవలయుఁ గదరా సుమతీ’ అన్న పాదం బోర్డు మీద రాయండి. ‘వలయు’ దగ్గర చెయ్యాలన్న మాట ఉంది, ‘గదరా’ దగ్గర అవునా కాదా అని ఒప్పించడం ఉంది, ‘సుమతీ’ దగ్గర ఎవరితో చెబుతున్నారో ఉంది. నాలుగు మాటల పాదంలో మీ మూడు ప్రశ్నల్లో రెండింటికి జవాబు దొరికింది. పద్యాన్ని బట్టీ పట్టించడమే కాదు, ఇలా విప్పి కూడా చూపించాలి.

అయితే ఈ చిట్కా ఇచ్చిన మర్నాడే దాన్ని మీరే విరగ్గొట్టాలి, లేకపోతే అదీ ఇంకో పి-ఐ-ఇ అయి కూర్చుంటుంది. చేపల పులుసు చేసే పద్ధతి చదివించండి. ‘చింతపండు నానబెట్టండి. పులుసు మరిగాక చేప ముక్కలు వెయ్యండి. మామిడికాయ ముక్కలు వేసి సన్న సెగ మీద ఉంచండి. గరిటె పెట్టి కలపకండి, గిన్నె పట్టుకుని కుదపండి.’ వాక్యానికొక ‘అండి’ ఉంది. పిల్లలు ఎగిరి ‘పర్‌స్వేడ్!’ అంటారు. అప్పుడు అడగండి: ‘చేపల పులుసు చేసుకోమని మనల్ని బతిమాలుతున్నారా, చేసుకోవాలనుకున్నవాళ్లకు ఎలాగో చెబుతున్నారా?’ ఇందులో కొనిపించడం లేదు, మనసు మార్చడం లేదు. ఇది చదివేవాళ్లు ముందే గిన్నె పొయ్యి మీద పెట్టేసి ఉంటారు. ఎవరి కోసం రాశారన్న ప్రశ్న లేకుండా క్రియను మాత్రమే చూస్తే ఎక్కడ బోల్తా పడతామో నెల్లూరు చేపల పులుసు కంటే బాగా ఇంకేదీ చూపించలేదు. (కుదపడం గురించి మీకు అభ్యంతరముంటే మీ ఇంటి పద్ధతే రాయండి. మా వైపు మాత్రం గరిటె పెడితే ఒప్పుకోరు.)

కూడబలుక్కుని చదివే పిల్లల గురించి మీరు దిగులు పెట్టుకోకండి. ఈ పనికి చదవడం రావాల్సిన అవసరం మొదట్లో లేదు, వినడం వస్తే చాలు. పొద్దున్నే వీధిలో తిరిగే చెత్తబండి మైకు, ‘పాత ఇనుము, పాత ప్లాస్టిక్ సామాన్లు కొంటాం’ అంటూ వచ్చే ఆటో, ‘ప్రయాణికులకు విజ్ఞప్తి’ అని బస్టాండులో వినిపించే గొంతు, వీటన్నిటికీ ఎవరో ఒకరు మాటలు రాసిపెట్టారు. అలా ఒకటి విని వచ్చి తరగతిలో అదే గొంతుతో చెప్పమనండి. చదవడంలో వెనకబడిన పిల్లలే ఇందులో ముందుంటారు, మీరే చూస్తారు. చెప్పాక అవే ప్రశ్నలు: ఎవరు, ఎవరికి, ఏం చెయ్యాలని? వాళ్ల నోట వచ్చిన మాటల్నే మీరు బోర్డు మీద రాస్తే అదే వాళ్లకు ఆరోజు చదివే పాఠం. తెలిసిన మాటలు కాబట్టి కూడబలుక్కునే పిల్లలు కూడా నిలవకుండా చదువుతారు.

తర్వాత ఇంటి నుంచి కాగితాలు తెమ్మనండి. పెళ్లి శుభలేఖ, కరెంటు బిల్లు, ఎరువుల కొట్టు కరపత్రం, బిస్కెట్ ప్యాకెట్ రేపరు, ఏదైనా సరే. ఎవరైనా నెల్లూరు రొట్టెల పండగకు వెళ్లొచ్చి ఉంటే, స్వర్ణాల చెరువు దగ్గర ఏయే బోర్డులు చూశారో చెప్పించండి. బస్సులు ఎక్కడ ఆగుతాయో చెప్పే బోర్డు ఒకటుంటుంది, హోటలు వాళ్ల ఫ్లెక్సీ ఒకటుంటుంది. భక్తులకు స్వాగతమంటూ నాయకుల ఫ్లెక్సీ కూడా ఉంటుంది. దాని మీద ‘స్వాగతం’ జానెడు, ఫొటో బారెడు. అది ఎందుకు పెట్టారని అడిగితే పిల్లలు నవ్వేస్తారు. ఆ నవ్వులోనే జవాబుంది కానీ, అది మీ చార్టులో ఏ డబ్బాలోనూ పట్టదు. శ్రద్ధాంజలి బోర్డు సంగతేమిటి? అందులో చనిపోయిన తేదీ ఉంది కాబట్టి ఇన్‌ఫామ్ అందామా? బాధ పంచుకోవడానికి, గౌరవం చూపడానికి, తమను తాము చూపించుకోవడానికి కూడా మనుషులు రాస్తారు. మూడే ఉద్దేశాలని పిల్లలకు ఒట్టేసి చెప్పకండి. గోడ మీది చార్టు కింద నాలుగో గడి ఒకటి ఖాళీగా వదలండి, అందులో ఏం రాయాలో వాళ్లనే తేల్చనివ్వండి.

పి-ఐ-ఇ అమెరికా బళ్లలో బాగా చెలామణిలో ఉన్న చిట్కా. కానీ అక్కడ కూడా 2010లో వచ్చిన కామన్ కోర్ ప్రమాణాల్లో రెండో తరగతి పిల్లలు సమాచార పాఠాల విషయంలో చెయ్యాల్సింది ఇంతకంటే పదునుగా ఉంటుంది. రచయిత ఏ ప్రశ్నకు జవాబిస్తున్నాడు, ఏం వివరిస్తున్నాడు, ఏం వర్ణిస్తున్నాడు అన్నది కనిపెట్టాలంటారు. ‘ఇన్‌ఫామ్’ అని ఊరుకోకుండా ‘ఏ ప్రశ్నకు జవాబు?’ అని అడగడం మనకూ పనికొస్తుంది. ఒంగోలు గిత్త గురించి ఒక పేరా ఇచ్చారనుకోండి. తెల్లటి ఒళ్లు, పెద్ద మూపురం, కండ పట్టిన కాళ్లు అని ఉంటే అది వర్ణన. బ్రెజిల్‌లో ఈ జాతి పశువుల్ని ‘నెలోర్’ అని ఎందుకంటారో రాస్తే అది ఒక ప్రశ్నకు జవాబు. మన పశువులు ఆ దేశానికి వెళ్లిన రోజుల్లో ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది, అందుకే ఆ పేరు. రెండూ తెలియజేసేవే, కానీ పనులు వేరు. ఐదో తరగతి పిల్లలు ఈ తేడా ఇట్టే పట్టుకుంటారు. మూడో తరగతికి ఇప్పుడే వద్దు.

ఇక ‘కథంటే ఎంటర్‌టైన్’ అన్న మాట. దీన్ని కదిలించడానికి మన నెల్లూరు జిల్లా చరిత్రలోనే పెద్ద ఉదాహరణ ఉంది, మీకు తెలిసే ఉంటుంది. 1990ల మొదట్లో జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడుస్తున్నప్పుడు వయోజనులు చదువుకునే వాచకంలో ‘సీతమ్మ కథ’ అని ఒక పాఠం ఉండేది. సారాకు బానిసైన భర్త వల్ల నలిగిపోయిన ఆడమనిషి కథ అది. పగలంతా పొలం పని చేసుకుని రాత్రి లాంతరు ముందు కూర్చున్న ఆడవాళ్లు ఆ పాఠంలో తమ ఇళ్లనే చూసుకున్నారు. 1992లో దూబగుంటలో వర్ధినేని రోశమ్మ లాంటివాళ్లు ముందు నిలబడితే, ఆడవాళ్లంతా కలిసి ఊళ్లో సారా లేకుండా చేశారు. ఆ సంగతి మళ్లీ ‘ఆడవాళ్లు ఏకమైతే’ అన్న పాఠంగా అచ్చై మిగతా ఊళ్లకు చేరింది. ఉద్యమం జిల్లా దాటింది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఇప్పుడు చెప్పండి, మొదటి పాఠం కథే కదా, పొద్దుపోక రాశారా? రెండో పాఠం జరిగింది జరిగినట్టు చెప్పేదే కదా, ఊరికే తెలియజేసి ఊరుకుందా?

ఐదో తరగతిలో దీన్ని చెప్పొచ్చు. కథలోని విషాదం జోలికి పోకుండా, ‘తాగుడు వల్ల ఇల్లు పాడైన ఒకావిడ కథ చదివి ఊరి ఆడవాళ్లు సారా అంగడి ముందు నిలబడ్డారు’ అన్నంత వరకు చాలు. ‘మరి ఆ కథ ఎందుకు రాసి ఉంటారు?’ అని అడిగి వదిలేయండి. ఒక్క జాగ్రత్త. తరగతిలో కూర్చున్న పిల్లల్లో కొందరి ఇళ్లలో ఇదే గొడవ ఇప్పటికీ ఉండొచ్చు. ‘మీ ఇంట్లో ఎవరైనా తాగుతారా?’ అన్న ప్రశ్న మాత్రం మీ నోట రాకూడదు, పిల్లలు ఒకరినొకరు అడగకుండా కూడా చూసుకోండి. మాట దూబగుంట దగ్గరే ఆగాలి.

తెలుగులోనా ఇంగ్లీషులోనా అన్నదానికి పెద్దగా ఆలోచించక్కర్లేదు. మన వాచకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉన్నాయి కదా, ముందు తెలుగు పేజీ చదివించి తెలుగులోనే వాదించుకోనివ్వండి. ‘ఎందుకు రాశారు’ అని ఆలోచించడానికి ఇంగ్లీషు అడ్డం పడకూడదు. తెలుగులో తేల్చుకున్నాక ఎదురు పేజీలో అదే ఆధారం ఏ మాటలో ఉందో వెతకమనండి. పర్‌స్వేడ్ లాంటి మాటలు పరీక్షలో కనిపిస్తాయి కాబట్టి చివర్లో చెప్పాలి, తప్పదు.

మీ హెడ్మాస్టరు గారికి నా తరఫున ఒక్క మాట చెప్పండి. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు గట్టిపరచడానికి కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ పథకం లెక్క ప్రకారం మూడో తరగతి ముగిసేసరికి పిల్లలు నిమిషానికి కనీసం 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలి. 60 మాటల సంగతి గడియారం పెట్టి చూస్తున్నాం. అర్థం చేసుకోవడం సంగతి చూడాలంటే ఇలాంటి ప్రశ్నలే అడగాలి. పైగా ఈ పిల్లలు ఇంటికెళ్లి అమ్మ ఫోను తీస్తే ముందు కనిపించేది ప్రకటనే. ప్రకటనను ప్రకటన అని గుర్తుపట్టడానికి పదో తరగతి వరకు ఆగుదామా? ఇంకోటి కూడా ఉంది. హైస్కూలు తెలుగు వాచకాల్లో పాఠం మొదలు కాకముందే ‘ఉద్దేశం’ అని ఒక పేరా అచ్చేసి ఇస్తారు. అక్కడ పిల్లలు వెతికేదేమీ ఉండదు, బట్టీ పట్టి పరీక్షలో రాసేస్తారు. తమంతట తాము వెతికే అలవాటు చెయ్యాలంటే అది మీ చేతిలో ఉన్న ఈ మూడేళ్లలోనే.

మార్కులెలా వెయ్యాలని అడిగారు. ఒక వాక్యం నమూనా ఇవ్వండి: ‘ఇది రాసినవాళ్లు మనం ______ అనుకుని రాశారు. ఎందుకంటే ______ అని రాశారు.’ మొదటి ఖాళీకి ఒక మార్కు, రెండో ఖాళీకి రెండు. రెండోదానికి ఎక్కువ ఎందుకని తల్లిదండ్రులు అడిగితే వాటర్ ప్లాంటు కరపత్రం చూపించండి, వాళ్లకే అర్థమవుతుంది. కూడబలుక్కునే పిల్లలు నోటితో చెప్పినా మార్కులు వెయ్యండి.

ఇదంతా చదివించే వైపు నుంచి చెప్పాను. నా మట్టుకు నన్నడిగితే రాయించడం ఇంకా బలమైన పద్ధతి. బడి బోరు పాడైందనుకోండి. దాని గురించే పిల్లల చేత మూడు రాయించండి. ఊళ్లో లేని అత్తకు ఏం జరిగిందో చెబుతూ ఒక ఉత్తరం. పక్క బెంచీ స్నేహితుణ్ని నవ్విస్తూ ఒకటి. బాగు చేయించమని సర్పంచి గారికి ఒకటి. ముందే ఏమీ వివరించకండి, రాశాక పక్కపక్కన పెట్టి చదివించండి. అత్తకు రాసిన దాంట్లో ఎప్పుడు పాడైంది, ఎవరు చూశారు అని ఉంటుంది. స్నేహితుడికి రాసిన దాంట్లో బోరు కొడుతూ కొడుతూ ఎవరు జారిపడ్డారో ఉంటుంది. సర్పంచి గారికి రాసిన దాంట్లో ‘దయచేసి’ ఉంటుంది, చిన్నపిల్లలు నీళ్ల సీసాలు మోసుకొస్తున్న సంగతి ఉంటుంది. జారిపడ్డ కబురు మాత్రం ఉండదు. ‘అదెందుకు రాయలేదు?’ అని అడగండి. ‘అది చెబితే ఆయన నవ్వుతాడు కానీ బోరు బాగు చేయించడు’ అని ఏ పిల్లో అంటే, ఆ పిల్లకు రచయిత ఉద్దేశమంటే ఏమిటో ఇక మీరు చెప్పక్కర్లేదు. ఏది రాయాలో, ఏది వదిలెయ్యాలో తనే తేల్చుకుంది.

సర్పంచి గారికి రాసిన ఉత్తరాన్ని కాపీలు దిద్ది పక్కన పడెయ్యకండి, హెడ్మాస్టరు గారి సంతకంతో నిజంగానే పంపండి. జవాబొస్తే దాన్నీ తరగతిలో పైకి చదివించండి. అందులో ‘మీ విజ్ఞప్తిని పరిశీలిస్తాం’ అని మాత్రమే ఉంటే, అలా ఎందుకు రాశారో మీరు చెప్పకుండా పిల్లల్నే చెప్పనివ్వండి.